ఇష్టం లేదన్న పిల్ల

బడి తెప్ప దినచర్య. రాస్తున్నది అలివేలు, టీచరు.

జూన్ 12, సోమవారం. పడమటి గాలి.

ఈ రోజు కూడా పాఠం జరగలేదు.

పొద్దున్నే వచ్చి మోకులు సరిచూశాను. రాత్రి గాలికి కప్పు మీద రెండు సౌర పలకలు వదులైతే ఎక్కి బిగించాను. వాన నీళ్ళ తొట్టి సగానికి ఉంది. బల్ల తుడిచాను. పిల్లలు తొమ్మిది మందీ వాళ్ళ వాళ్ళ తెప్పల నుంచి చిన్న పడవలు వేసుకుని వచ్చి కూర్చున్నారు. ఒక్కొక్కరి చేతి కంకణమూ ఆ తియ్యటి గొంతుతో అడిగింది: "ఈ రోజు చదువు నీకు ఇష్టమేనా?" ఎనిమిది మంది ఇష్టమే అన్నారు. ఎనిమిది ఆకుపచ్చ దీపాలు వెలిగాయి. దీవెన మాత్రం "ఇష్టం లేదు" అంది. ఎర్ర దీపం.

అంతే. పుస్తకాలు మూసేశాం.

ఇష్టం లేని పిల్ల చెవిన పాఠం పడకూడదని ఇష్టవిద్యా చట్టం. సరే, ఆ పిల్లను కాసేపు బయట కూర్చోబెడదామంటే, ఏ పిల్లనూ బడిలోంచి లేచి వెళ్ళమనకూడదని అదే చట్టం, ఆ కింది పేరాలోనే. ఈ రెండు పేరాలూ రాసినవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నట్టు లేరు.

పోనీ దీవెన ఇంట్లో ఉండిపోతుందా? ఉండదు. అందరికంటే ముందు వస్తుంది. పన్నెండేళ్ళ పిల్ల, బక్కగా, రెండు జడలతో. పడవ కట్టేసి, చెప్పులు విడిచి, ముందు వరసలో కూర్చుని, నా మొహంలోకి చూస్తూ ఎంతో మర్యాదగా ఇష్టం లేదంటుంది. సాయంత్రం దాకా కదలదు. బడులు తెరిచినప్పటి నుంచీ ఇదే వరస.

ఖాళీగా కూర్చోలేక మిగతా పిల్లలను వామనగుంటలు ఆడుకోమన్నాను. చింతపిక్కలు పంచానో లేదో దీవెన కంకణం కుయ్యిమంది. "ఈ ఆటలో లెక్కలు ఉన్నాయి. దీవెనకు ఇష్టం లేదు."

పిక్కలు తీసి డబ్బాలో పోశాను.

జూన్ 14, బుధవారం.

నా ప్రయత్నాలు నేను చేశాను. అది కూడా ఇక్కడ రాసి పెడుతున్నాను, ఈ దినచర్య బడులను చూసే సంఘంలో ఎవరూ చదవరని తెలిసినా.

పిల్లలను తెప్ప వెనక చివరికి తీసుకెళ్ళి గొంతు తగ్గించి చెప్పాను. కంకణానికి నా చెవులకంటే మంచి చెవులున్నాయి. మొదటి హెచ్చరిక. సరే, నోరెత్తకుండా బల్ల మీద రాశాను. ముందు వరసలో ఉన్న పిల్ల చదవకుండా ఎలా ఉంటుంది? చదివింది. చూసినా విన్నట్టేనట. రెండో హెచ్చరిక. మూడోది వస్తే నా టీచరు అనుమతి పోతుంది. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని.

"కాసేపు అటు తిరిగి కూర్చోవే తల్లీ," అని బతిమాలాను.

"తిరగమని చెప్పే హక్కు మీకు లేదు కదా టీచరమ్మా," అంది. పొగరుగా కూడా అనలేదు. నాకేదో ఇబ్బంది వస్తుందని గుర్తు చేస్తున్నట్టు అంది. అందుకే ఇంకా మండింది.

జూన్ 16, శుక్రవారం. ఉక్క.

దీవెన వాళ్ళమ్మ సువార్తమ్మ వచ్చింది. ఊళ్ళో తెప్పలన్నిటినీ కలిపి పట్టి ఉంచే మోకులు పేనేది ఆమే. పడవ దిగకముందే మొదలుపెట్టింది.

"ఏంటి టీచరమ్మా, నా కూతురికి చదువు చెప్పనంటున్నారంట?"

"నేను చెప్పననడం లేదు సువార్తమ్మా. తను వద్దంటోంది."

"అది వద్దంటే మీరు ఊరుకుంటారా? అన్నం వద్దంటే నేను ఊరుకుంటానా?"

"అన్నానికి ఇంకా కంకణం రాలేదు."

ఆమె నవ్వలేదు. దీవెన వైపు తిరిగి, "ఏమే, ఏమొచ్చింది నీకు?" అని అరిచింది. దీవెన తల వంచుకుంది. తల్లి జబ్బ పట్టుకోబోతే కంకణం మళ్ళీ కుయ్యిమంది. బలవంతం కూడదట. సువార్తమ్మ చెయ్యి అట్టాగే గాల్లో ఆగిపోయింది.

"నా పిల్ల మీద నాకే హక్కు లేదా?" అంది నాతో. నన్ను అడిగితే నేనేం చెప్పను?

"ఈ చట్టం మారాలి," అని పడవెక్కింది. "ఇష్టం చెప్పే అధికారం తల్లిదండ్రులకు ఇవ్వాలి. సంతకాలు చేయిస్తాను. ఎవరు చెయ్యరో చూస్తాను."

జూన్ 19, సోమవారం.

మహజరు తిరుగుతోంది. తొమ్మిది మంది పిల్లల ఇళ్ళలోనూ సంతకాలు అయిపోయాయి. మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చింది.

నేనూ పెట్టాను.

ఎందుకు పెట్టానో రాయడానికి పెద్దగా ఏమీ లేదు. విసుగొచ్చి పెట్టాను. నా ఎదుట ఎనిమిది మంది పిల్లలు మూడు వారాలుగా గోళ్ళు గిల్లుకుంటున్నారు. గడియారాలంటే ప్రాణం పెట్టే లీలాప్రియ పొద్దున దీవెనను చూసి, "నీవల్లే," అని ఏడ్చింది. ఒక మనిషి "వద్దు" వల్ల ఎనిమిది మంది "కావాలి" మట్టి కొట్టుకుపోతుంటే దాన్ని స్వేచ్ఛ అంటారా? అనరు. సంతకం పెట్టి, సువార్తమ్మ కలం సువార్తమ్మకిచ్చేశాను.

జూన్ 21, బుధవారం. అల ఎక్కువ.

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

పాఠం ఎటూ లేదు కాబట్టి పిల్లలను ఆటకు వదిలి, నేను తెప్ప అంచున పడుకుని అడుగున పట్టిన గుల్లలు ఇనప పలకతో గీకుతున్నాను. గీకకపోతే ఆ బరువుకి తెప్ప ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఈ నీళ్ళ కింద పాత దివిసీమ ఉందని, కొబ్బరి తోటలూ ఇళ్ళూ ఉన్నాయని పెద్దవాళ్ళు చెబుతారు. నాకు మాత్రం ఎన్నిసార్లు తొంగి చూసినా బురదే కనిపిస్తుంది.

దీవెన వచ్చి పక్కన బోర్లా పడుకుంది.

"కోపమొచ్చిందా టీచరమ్మా?"

"రాలేదు."

"వచ్చింది. గుల్లల్ని అట్టా గీకుతున్నారు."

పలక పక్కన పెట్టాను. "ఒక్క మాట చెప్పు. చదువంటే నీకెందుకు ఇష్టం లేదు?"

"చదువంటే ఇష్టం లేదని ఎవరన్నారు?"

"రోజూ నువ్వే అంటున్నావు గదే!"

"కంకణం అడిగేది 'ఈ రోజు చదువు' ఇష్టమేనా అని. ఈ రోజు చదువంటే నాకు పీతలే. అది ఇష్టం లేదంటున్నా."

ఎనిమిదేళ్ళప్పుడు ఈ పిల్ల ఒక ప్రశ్న అడిగింది. పీతలు పక్కకి ఎందుకు నడుస్తాయి అని. కాళ్ళ కీళ్ళు పక్కకే మడుస్తాయి కాబట్టి అని కంకణం చెప్పింది. దీవెనకు అర్థమైంది, సంతోషించింది, అక్కడితో అయిపోయింది. కంకణానికి మాత్రం అవలేదు. పిల్ల ఇష్టాన్ని గౌరవించడం దాని పని. లెక్కల్లో పీతల కాళ్ళు కూడించింది. తెలుగులో పీతల మీద పద్యం ఇచ్చింది. చరిత్ర అంటే పీతల ఎగుమతి చరిత్ర. బొమ్మలంటే పీత బొమ్మలు. నాలుగేళ్ళు.

"వేరేది కావాలని అడగలేదా?"

"అడిగాను. చందమామ ఎందుకు చిక్కిపోతాడు అన్నాను. వెన్నెల రోజుల్లో పీతలకి కండ తగ్గుద్దని చెప్పటం మొదలెట్టింది."

ఈ పిల్లను నేను నాలుగేళ్ళుగా "మా పీతల దీవెన" అని పిలుస్తున్నాను. మంచి ముద్దుపేరు అనుకుంటున్నాను.

"మరి రోజూ బడికెందుకు వస్తావు?"

"మిగతా వాళ్ళకి మీరు వేరేవి చెప్తారు గదా. పొరపాటున ఏదన్నా వినపడుద్దేమోనని."

"నీవల్లే వాళ్ళకీ ఏదీ వినపడటం లేదని తెలుసా?"

"తెలుసు. లీలాప్రియ నాతో మాట్లాడటంలా. కానీ ఇష్టమే అన్నాననుకోండి, మళ్ళీ రోజంతా నా చెవిలో పీతలే, ఇంకేదీ విననివ్వదు. అనకపోతే ఎవరికీ ఏమీ లేదు. నేనేం చెయ్యాలి టీచరమ్మా?"

అప్పుడు ఆమె చేతి కంకణం మాట్లాడింది, అదే తియ్యటి గొంతుతో. "దీవెనకు గుల్లల మీద ఆసక్తి కలిగినట్టుంది. గుల్లలకూ పీతలకూ ఉన్న సంబంధం తెలుసుకుందామా?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ముందు ఎవరు నవ్వారో తెలియదు. నవ్వి నవ్వి దీవెన కళ్ళలో నీళ్ళొచ్చాయి. తర్వాత అవి నవ్వు నీళ్ళు కావని అర్థమైంది.

జూన్ 25, ఆదివారం. సంఘం సమావేశం.

సంఘం అధ్యక్షుడు రంగనాయకులు గారు మంచివారు. ఇది వెటకారం కాదు. ముప్పై ఏళ్ళ కిందట ఇష్టవిద్యా చట్టం కోసం ఊరూరా తిరిగిన వాళ్ళలో ఆయన ఒకరు. ఆయన చిన్నప్పుడు బడిలో బల్లెక్కించి కొట్టేవారట. మోకాళ్ళ మీద ఆ మచ్చలు ఇప్పటికీ చూపిస్తారు.

మహజరు చదివారు. ఆయన మొహం వాడిపోయింది. అయినా నియమం నియమమే అని ఓటుకు పెట్టబోయారు. నేను లేచాను.

"దానికి ముందు ఒక మాట. రోజుకొక గంట కంకణాలు ఆపేసి పాఠం చెప్పనివ్వండి. పిల్లలు ఏదంటే అది అడుగుతారు. ఎక్కడా నమోదు కాదు. ఒక్క గంట."

"నమోదు కాకపోతే ఎట్టాగమ్మా?" అన్నారాయన నిజంగా అర్థం కాక. "పిల్ల ఇష్టాన్ని గౌరవించినట్టు రుజువేంటి?"

"ఒకసారి అడిగిన ప్రశ్నకి నాలుగేళ్ళు కట్టిపడెయ్యడం గౌరవమా అండీ?"

"కట్టిపడెయ్యటం ఎక్కడుంది? రోజూ అడుగుతోంది గదా, ఇష్టమేనా అని. మమ్మల్ని ఎవరడిగారు ఆ రోజుల్లో? బెత్తం అడిగేది." ఆయన గొంతులో పాత నొప్పి ఉంది. దాన్ని కాదనలేకపోయాను. అదే వచ్చిన చిక్కు. ఎదుటి మనిషి దుర్మార్గుడైతే పోట్లాట ఎంత తేలిక!

గంట సంగతి తోసేశారు. అప్పుడు, మహజరులో నా సంతకం వెనక్కి తీసుకుంటానన్నాను. పిల్ల చెప్పింది విన్నాక నాకు మనసు మారిందన్నాను.

"మీ ఇష్టంతో పెట్టిందే కదమ్మా," అన్నారు రంగనాయకులు గారు ఎంతో మృదువుగా. "మీ ఇష్టాన్ని మేం గౌరవిస్తాం."

కుర్చీ తన్నేసి వచ్చేద్దామనిపించింది. తెప్ప మీద కుర్చీలన్నీ నేలకు బిగించి ఉంటాయి.

సవరణ నెగ్గింది. పిల్లల తరఫున ఇష్టం చెప్పే అధికారం ఇక తల్లిదండ్రులది. వచ్చే సోమవారం నుంచి అమలు. సువార్తమ్మ నా వైపు చూసి, గెలిచాం గదా అన్నట్టు తల ఊపింది. దీవెన చెప్పింది ఆమెకు చెబుదామని దగ్గరికి వెళ్ళాను.

"పిల్లలు అట్టాగే అంటారు టీచరమ్మా," అంది. "రేపు ఒకటంటారు, ఎల్లుండి ఒకటంటారు. చదువుకుంటే అన్నీ సర్దుకుంటాయి."

జూలై 3, సోమవారం. చినుకులు.

తల్లిదండ్రులందరూ వచ్చారు. అంతమంది ఒకేసారి ఎక్కేసరికి తెప్ప ఊగింది. వరసగా పిల్లల పక్కన నిలబడ్డారు.

ఇక్కడ ఎవరూ అనుకోని సంగతి ఒకటి జరిగింది. పిల్లలకైతే కంకణం "ఇష్టమేనా" అని మాత్రమే అడిగేది. పెద్దవాళ్ళు కొత్తగా అధికారం తీసుకుంటున్నారు కాబట్టి, దేనికి ఒప్పుకుంటున్నారో చదివి వినిపించింది. లీలాప్రియ నాన్న భూషణం గడియారాల సంగతంతా విని, మురిసిపోయి, ఇష్టమే అన్నాడు. లీలాప్రియ కూడా మురిసింది. వాళ్ళకు అది సరిపోయింది. నేనేమీ అనను.

దీవెన వంతు వచ్చింది.

"దీవెన వయసు పన్నెండు. ఆసక్తి పీతలు. పదమూడో ఏడు పీతల మేత. పద్నాలుగో ఏడు పీతల జబ్బులు. పదిహేనో ఏడు పెంకు ఊడే కాలంలో జాగ్రత్తలు. పద్దెనిమిదో ఏట తూర్పు తెప్పలో, పీతల మడిలో సహాయకురాలు. తల్లిగా మీకు ఇష్టమేనా?"

సువార్తమ్మ నోరు తెరిచింది, ఇష్టమే అనడానికే. కానీ, "ఆ తర్వాత?" అంది.

"పీతల మడిలో పర్యవేక్షకురాలు."

"ఆ తర్వాత?"

"ప్రస్తుతానికి అంతే."

సువార్తమ్మ పిల్లల బల్ల మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. మోకుల రాపిడికి అరచేతులు చెక్కల్లా ఉంటాయి ఆమెవి.

"టీచరమ్మా," అంది, మిగతావాళ్ళెవరూ లేనట్టు. "నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అయ్య మోకుకి ముడేస్తుంటే చూసి, బలే ఉంది అన్నా. ఒక్కసారే అన్నా ఆ మాట."

అరచేతిలో కాయను గోటితో గీరింది.

"పని నాకు వచ్చు. బాగా వచ్చు. దాన్నేం తప్పు పట్టను. రోజూ అడిగింది ఈ కంకణం, ఇష్టమేనా ఇష్టమేనా అని. వేరేది ఏమన్నా కావాలా అని ఒక్కరోజూ అడగలా. నాకూ తోచలా, అడగొచ్చని."

కూతురి వైపు చూసింది. "నిజంగా పీతలేనా నాలుగేళ్ళూ?"

దీవెన తలూపింది.

"ఇష్టం లేదు," అంది సువార్తమ్మ. ఎర్ర దీపం వెలిగింది.

భూషణం ఎగిరిపడ్డాడు. "సంతకాలు చేయించింది నువ్వే గదా! మళ్ళీ పాఠం ఆగిపోయిందిగా!"

"చేయించా. నా ఇష్టం చెప్పమన్నారు, చెప్పా."

అందరూ ఒకేసారి అరవడం మొదలుపెట్టారు. తెప్ప ఊగుతోంది. పైన చినుకులు. నాకు తల పగిలిపోతోంది. ఈ గోల ఆపడానికి సవరణలో ఏదైనా దారి ఉందేమోనని ఆ కాగితం తీసి మొదటి నుంచీ చదివాను. హడావుడిగా రాసినట్టున్నారు. పాత చట్టంలో మాటలు అలాగే ఉంచి, "పిల్ల" అన్నచోట "తల్లి లేదా తండ్రి" అని మార్చుకుంటూ పోయారు. ఒక చోట ఆగి, రెండోసారి బిగ్గరగా చదివాను.

"ఇష్టం చెప్పే అధికారం ఉన్న వ్యక్తి పద్దెనిమిదేళ్ళు నిండినవారైతే, కంకణాన్ని విప్పమని కోరవచ్చు."

పాత చట్టంలో దీనికి అర్థం, పిల్లలకు పద్దెనిమిదేళ్ళు వచ్చాక విప్పుకోవచ్చని. ఇప్పుడు ఆ వ్యక్తి పిల్ల కాదు. తల్లి.

సువార్తమ్మ లేచింది. "నాకు ముప్పై తొమ్మిది," అంది. కూతురి మణికట్టు పట్టుకుని కంకణంతో, "విప్పు," అంది.

"కారణం?" అడిగింది కంకణం.

"నా ఇష్టం."

టిక్కుమని ఊడి బల్ల మీద పడింది. దీవెన చేతి చుట్టూ ఎండ తగలని చర్మం తెల్లటి చారలా ఉంది. దాన్ని రెండో చేత్తో రుద్దుకుంటూ నిలబడింది.

ఎర్ర దీపం లేదు. ఇష్టం లేని పిల్ల అంటూ ఇప్పుడు బడిలో ఎవరూ లేరు. బల్ల దగ్గరికి వెళ్ళి, నెల తర్వాత మొదటిసారి, పాఠం మొదలుపెట్టాను. దీవెన ముందు వరసలోనే కూర్చుంది. గడియారాలు వింది, నక్షత్రాలు వింది, ఎవరిదో వంతెనల పాఠం వింది. ఎవరూ ఆపలేదు.

జూలై 7, శుక్రవారం.

సంఘం నుంచి కబురు. కంకణం లేని పిల్లకు చెప్పేది పాఠం కిందికి రాదట. అందుకని ఈ వారం నుంచి దీవెన ప్రశ్నల కోసం నేను విడిగా పెట్టిన మధ్యాహ్నం వేళ ఖాళీగా ఉన్నట్టు లెక్క. ఖాళీగా ఉన్న మనిషికి గుల్లలు గీకే పని వేశారు. మంచిది. గీకుతూనే మాట్లాడతాను.

రంగనాయకులు గారిని కలిశాను. విప్పుకునే హక్కు పిల్లలకే ఇవ్వమని అడిగాను. ఎందుకంటే నిన్న దీవెన అడిగింది, "రేపు అమ్మకి నా మీద కోపమొచ్చి మళ్ళీ కట్టెయ్యమంటే?" అని. ఆ పిల్ల స్వేచ్ఛ ఇప్పుడు వాళ్ళమ్మ చేతిలో ఉంది. నిన్నటిదాకా కంకణం చేతిలో ఉంది. తన చేతిలో ఎప్పుడుంటుంది?

వానాకాలం అయ్యాక ఆలోచిద్దాం అన్నారాయన. ఆలోచిస్తారు కూడా. అదే నా విసుగు.

మధ్యాహ్నం తెప్ప అంచున దీవెన అడిగింది. "పుట్టుకతో కళ్ళు లేనివాళ్ళకి కలలు ఎట్టా వస్తాయి టీచరమ్మా?"

నాకు తెలియదు. టీచరుగా నాకిచ్చిన కంకణాన్ని అడగొచ్చు. అడిగితే రేపటి నుంచి నాకు రాత్రింబవళ్ళు కళ్ళ గురించే చెబుతుంది. కనుక్కుని చెబుతానన్నాను.

జూలై 10, సోమవారం. ఎదురుగాలి.

నిన్న సెలవు. దక్షిణపు తెప్పల్లో చూపు లేని ముసలాయన ఒకాయన ఉన్నాడని ఎవరో చెబితే, పొద్దున్నే పడవ వేసుకుని బయల్దేరాను. పోనూ రానూ ఎదురుగాలే. అదెలా సాధ్యమో గాలినే అడగాలి. ఆయన బోలెడన్ని కబుర్లు చెప్పాడు. కలలో ఆయనకు గొంతులు వినిపిస్తాయట, తడి తగులుతుందట, చనిపోయిన భార్య తలనూనె వాసన వస్తుందట. ఒకసారి కలలో ఆయన పరిగెత్తాడట, దేనికీ తగలకుండా. అన్నీ గుర్తు పెట్టుకుని, ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చాను. ఈ రోజు భుజాలు పైకి లేవడం లేదు.

మధ్యాహ్నం దీవెన వచ్చి పక్కన పడుకుంది.

"నువ్వడిగింది కనుక్కున్నాను," అన్నాను.

"ఏది?"

"కళ్ళు లేనివాళ్ళ కలలు!"

"ఆ, అదా." కొంచెం ఆలోచించింది. "ఇవాళ అది వద్దు టీచరమ్మా."

"నిన్నంతా తెడ్డు వేశానే పిల్లా!"

"శుక్రవారం తెలుసుకోవాలనిపించింది. ఇవాళ అనిపించటంలా."

"మరి ఇవాళ ఏం కావాలి?"

"ఏం వద్దు."

ఒళ్ళు మండిపోయింది. ఇంకో పలక ఆమె చేతికిచ్చి, "సరే, గీకు," అన్నాను. గీకింది. మధ్యాహ్నమంతా ఒక్క ప్రశ్న అడగలేదు. గుల్లలు ఊడి నీళ్ళలో పడుతుంటే వాటిని చూస్తూ, ఈల వెయ్యడానికి ప్రయత్నించింది. ఈల రావడం లేదు. పెదవులు మరీ వెడల్పుగా పెడుతోంది, గాలి పక్కలకు పోతోంది. ఎలా పెట్టాలో చెబుదామని నోరు తెరిచి, మూసుకున్నాను.